సేరు ఎంత? బెంగళూరు పేటలో ఉండల సామాను

మా ఇంట్లో ‘డ్రై ఫ్రూట్స్’ అనే మాట ఈ మధ్య వచ్చిందే. అంతకు ముందు బాదం, జీడిపప్పు, ఎండుద్రాక్ష అన్నిటికీ కలిపి ఒక పేరంటూ లేదు. ఉండల సామాను, పాయసం సామాను, పెళ్ళి సామాను అని పనిని బట్టి పిలిచేవాళ్ళు. జీడిపప్పును జేజి గోడంబి అనేది. ఎండు ఖర్జూరాన్ని ఉత్తుత్తి అనేది. అవి కన్నడ మాటలని నాకు బళ్ళో చేరినాకే తెలిసింది. బళ్ళారిలో పుట్టి కన్నడ మీడియంలో చదువుకున్న మా తరానికి ఏ మాట ఏ భాషదో విడదీయడం కష్టం. ఉండ కట్టినాక అందులో బెల్లాన్నీ కొబ్బరినీ వేరు చేసినట్టే.

మన కుటుంబంలో సగం మంది ఇప్పుడు బెంగళూరు, పుణె, హైదరాబాదుల్లో ఉన్నారు. పండుగ ముందు ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే మాట: “ఈ బాదం, గోడంబి ధరలేందిరా, ముట్టుకునేట్టు లేవు.” పోయిన కార్తీకంలో, అంటే 2025 నవంబరులో, నాకు ఇవన్నీ ఒకేసారి కొనాల్సిన పని పడింది. అప్పుడు తెలుసుకున్నవి మన వాళ్ళకు పనికొస్తాయని రాస్తున్నాను.

పని ఏమిటంటే చెల్లెలి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా. చెల్లెలి ఉద్యోగం, డాక్టరు, అన్నీ బెంగళూరులోనే. అందుకని పుట్టిల్లే బెంగళూరుకు వచ్చింది. జె.పి. నగరలో నా రెండు గదుల ఇల్లే ఆమెకు పుట్టిల్లయింది. బాలింతకు మూడు నెలలు అంటు ఉండలు పెట్టడం మా వైపు ఆచారం. తుమ్మబంకను మా బళ్ళారిలో కన్నడం మాటతో అంటు అంటారు. దాన్ని నేతిలో పొంగించి, ఎండుకొబ్బరి, ఉత్తుత్తి, బాదం, గోడంబి, ద్రాక్ష, గసాలు, బెల్లం కలిపి కట్టే ఉండలు అవి. ఇన్నాళ్ళూ ఆ సామాను బళ్ళారిలో తెలిసిన అంగడి నుంచి వచ్చేది. ఈసారి సామాను తెచ్చే పని నాది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఆగస్టులో నేను టెస్టింగ్ చేస్తున్న ప్రాజెక్టు మూతపడింది. అప్పటి నుంచి బెంచి మీద ఉన్నాను. జీతం వస్తున్నా ఎన్ని నెలలు వస్తుందో తెలియదు. ఆసుపత్రి ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఉండల సామానుకు మూడు వేలకు మించి తీయడానికి మనసొప్పలేదు. అమ్మకు ఈ మాట చెప్పినాను. అమ్మ కొంచెంసేపు ఊరుకుని, “పని మళ్ళీ దొరుకుతాది. బాలింతతనం మళ్ళీ రాదు. అయినా మీ తాత కాలంలో మాత్రం డబ్బు యాడుండింది? అందుకే లెక్క రాసి పెట్టినాడు. పద్దు పుస్తకం ఫోటో పంపిస్తా, చూడు” అనింది.

ఆ పద్దు 1957లో మా పెద్దత్త మొదటి కాన్పుకు తాత రాసింది. జేజి చెబుతుంటే తాత తెలుగులో రాసినాడు. జేజి పుట్టినిల్లు ఆలూరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వచ్చింది. జేజి పుట్టినిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఇంకొక రాష్ట్రం అయినాయి. బళ్ళలో కన్నడం వచ్చింది కానీ తాత పద్దు మాత్రం తెలుగులోనే సాగింది. నేను తెలుగు అక్షరాలను కన్నడ అక్షరాల ఆసరాతో నేర్చుకున్నవాణ్ణి. అచ్చు అయితే చదువుతాను. తాత గొలుసుకట్టు రాత ఒక్కొక్క వరుసకు పది నిమిషాలు పట్టింది.

పద్దులో ఇట్లా ఉంది: ఎండుకొబ్బరి 5 సేర్లు, ఉత్తుత్తి 4 సేర్లు, బాదం 2 సేర్లు, గోడంబి పలుకులు 2 సేర్లు, ద్రాక్ష 2 సేర్లు, అంజూరం 1 సేరు, అంటు 1 సేరు, గసాలు పావుసేరు.

సేరు అంటే కిలోకు కొంచెం తక్కువ అని మనలో చాలామందికి గుర్తు. ఆ లెక్కన పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లో ధరలు చూసి కూడితే పన్నెండు వేలు దాటింది. కొబ్బరే దాదాపు నాలుగున్నర కిలోలు. టెస్టరు బుద్ధి కదా, జవాబు ఇంత పెద్దగా వస్తే ముందు ఇన్‌పుట్‌ను అనుమానించాలి. 1957లో అప్పుచేసి కాన్పు చేసిన ఇల్లు ఒక్క ఉండలకు కిలోలకు కిలోలు బాదం కొంటుందా? అమ్మను అడిగితే “సేరంటే సేరే” అనింది. అయితే ఇంకొక మాట కూడా అనింది: “కొబ్బరి ఒక వీశె అని మీ జేజి నోటితో చెప్పేది.”

అక్కడ ముడి విడింది. మన మద్రాసు ప్రాంతపు పాత తూకంలో ఐదు సేర్లయితే ఒక వీశె. వీశెకు 120 తులాలు. అంటే సేరుకు 24 తులాలే. తులం 11.66 గ్రాములు కాబట్టి ఆ సేరు 280 గ్రాములు. దీన్ని కచ్చా సేరు అనేవాళ్ళు. కిలోకు దగ్గరగా ఉండే 933 గ్రాముల సేరు వేరే, అది 80 తులాల పక్కా సేరు. రెండింటికీ మూడు రెట్లకు పైగా తేడా. 1956లో తూకాల చట్టం వచ్చి, 1960ల మొదట్లో అన్ని అంగళ్ళలో కిలోలు ఖాయమైనాక ఈ రెండు సేర్లూ మరుగున పడినాయి. మనకు మాట మిగిలింది, బరువు పోయింది.

అయినా సరిచూడకుండా ఎట్లా? బళ్ళారిలో మన పాత ఇంటి అటక మీద తూకపు రాళ్ళు ఉన్నాయని గుర్తొచ్చి చిన్నాయన కొడుకుకు ఫోన్ చేసినాను. వాడు ఇనుప సేరు రాయిని దించి, తుడిచి, వంటింటి ఎలక్ట్రానిక్ తక్కెడ మీద పెట్టి ఫోటో పంపినాడు. 279 గ్రాములు. అరవై ఏళ్ళకు పైగా తుప్పు తిన్నదానికి అది చాలా నిజాయితీ గల రాయి.

అదే యాప్ ధరలకు కొత్త లెక్క వేస్తే నాలుగు వేల లోపుకు దిగింది. ఇక మిగిలింది అంగడి పని.

బళ్ళారిలో పెద్ద బజారు ఉండే వీధి పేరు బెంగళూరు రోడ్డు. బెంగళూరులో విమానాశ్రయం వైపు పోయే దారి పేరు బళ్ళారి రోడ్డు. ఏ ఊరికి పోయినా పక్క ఊరి పేరే చూసుకుంటూ తిరగాలి మనం. సామానుకు మాత్రం ఆ రెండూ కాదు, పాత పేటకు పోవాలి. జె.పి. నగర నుంచి గ్రీన్ లైన్ మెట్రోలో నేరుగా చిక్కపేటలో దిగొచ్చు. అక్కడి నుంచి మామూలుపేట, అవెన్యూ రోడ్డు, కె.ఆర్. మార్కెట్ దాటితే తరగుపేట. తరగు అంటే దళారీకి ఇచ్చే కమీషను, అది తెలుగులోనూ ఉంది, కన్నడంలోనూ ఉంది. టోకు వ్యాపారం చేసే వీధి అని పేరులోనే చెప్పేసినారు. కంటోన్మెంటు వైపు ఉండేవాళ్ళకు శివాజీనగరలో 1927లో కట్టిన రసెల్ మార్కెట్ దగ్గర. ఖర్జూరాలకు ఆ చుట్టుపక్కల అంగళ్ళు మేలు, రంజాను నెలలో ఎన్ని రకాలో లెక్కపెట్టలేము. పేటలో ఆదివారం చాలా అంగళ్ళు మూసి ఉంటాయి. శనివారం పొద్దున పదకొండుకు పోతే మేలు.

ఎప్పుడు పోవాలో కూడా ముఖ్యం. దీపావళికి ముందు కంపెనీలన్నీ బహుమతి డబ్బాలు కొంటాయి. ఆ గిరాకీ అయిపోయినాక అడిగితే అంగడాయన కూడా తీరిగ్గా మాట్లాడతాడు. నేను పండుగైన రెండో శనివారం పోయినాను. ఇంకొక సాయం, 2025 సెప్టెంబరు 22 నుంచి బాదం, పిస్తా, ఎండు ఖర్జూరం, ఎండు అంజూరం మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ఎంఆర్‌పీ ఉన్న ప్యాకెట్టు కనబడితే అడగండి.

మామూలుపేటలో ఒక చిన్న అంగట్లో పెద్దాయన నా కన్నడం విని, ఫోన్‌లో అమ్మతో నేను మాట్లాడిన తెలుగూ విని, “ఏమప్పా, యాడ మనది?” అన్నాడు. బళ్ళారి అన్నాను. వాళ్ళు మూడు తరాలుగా పేటలోనే ఉన్నారట. ఆయన తెలుగులో సగం కన్నడమే, నా తెలుగు మాదిరే. పద్దు చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని గబగబా చదివేసినాడు. “పలుకులు అని రాసినాడే మీ తాత. తెలిసినాయన. ఉండలకు గుండు గోడంబి ఎందుకప్పా, యట్లా దంచేదే గదా” అన్నాడు.

పలుకు అంటే మాట అని మాత్రమే నాకు తెలుసు. జీడిపప్పు ముక్కలను కూడా పలుకులంటారని ఆ రోజు తెలిసింది. గింజ పగలగొట్టేటప్పుడు విరిగినవే అవి. రుచిలో, నూనెలో, బలంలో తేడా ఏమీ లేదు. గుండు గింజకైతే అంకెలుంటాయి. డబ్ల్యూ 180, 240, 320 అని. ఒక పౌనుకు సుమారు అన్ని గింజలు తూగుతాయని అర్థం. అంకె పెరిగే కొద్దీ గింజ చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. అతిథుల ముందు పళ్ళెంలో పెట్టేదానికి 240 కొనండి. పులావుకు, పాయసానికి 320 చాలు, లేకపోతే బద్దలు. ఉండలకు, బర్ఫీకి, కూరలో గ్రేవీకి పలుకులు. కాయను బట్టి కాదు, పనిని బట్టి కొనడం. జేజి వాటికి పేర్లు పెట్టింది కూడా అట్లాగే కదా.

బాదంలో కూడా అదే సంగతి. మనకు వచ్చే బాదంలో ఎక్కువ భాగం కాలిఫోర్నియాది. దాని పక్కనే మామ్రా అని వంకరటింకరగా, నూనె ఎక్కువగా ఉండేది పెడతారు. దాని ధర మూడు నాలుగు రెట్లు. పొడి చేసే పనికి అది అక్కర్లేదు. కాలిఫోర్నియా బాదం ధర మన చేతుల్లో గానీ అంగడాయన చేతుల్లో గానీ లేదు. 2019 జూన్‌లో అమెరికాతో తగవు వచ్చి బాదం, ఆక్రోటు మీద మన ప్రభుత్వం అదనపు సుంకం వేసింది, 2023 సెప్టెంబరులో తీసేసింది. అఫ్ఘాన్ సరుకుదీ ఇదే కథ. 2025 ఏప్రిల్‌లో అట్టారీ సరిహద్దు మూసినప్పుడు అంజూరం, నల్లద్రాక్ష ధరలు పేటలో కదిలినాయని పెద్దాయన చెప్పినాడు. ఎక్కడో గేటు మూస్తే మామూలుపేటలో తక్కెడ ఊగుతుంది.

అందుకని దగ్గర్లో పండేది దగ్గర్లోనే కొనుక్కోవడం నయం. ఎండుద్రాక్షకు మన విజయపుర జిల్లా ఉంది, పక్కన మహారాష్ట్రలో సాంగ్లి, తాసగావ్ ఉన్నాయి. ఎండాకాలానికి కొత్త సరుకు దిగుతుంది. బంగారు రంగులో మెరిసేదానికి గంధకం పొగ పెట్టి ఉంటారు. గోధుమ రంగుది చూపుకు తక్కువ, ఉండలకు ఏమీ తక్కువ కాదు. అంజూరం అయితే మనదే. కేంద్రం ‘ఒక జిల్లా ఒక ఉత్పత్తి’ కింద బళ్ళారి జిల్లాకు ఎంచిన పంట అంజూరమే. మా తోటల వాళ్ళ పంట వదిలేసి తాడుకు గుచ్చిన కాబూలు అంజూరం మాల కొనడం ఎందుకు? దాన్ని మాత్రం పేటలో కొనలేదు. అమ్మ వచ్చేటప్పుడు హంపి ఎక్స్‌ప్రెస్‌లో బెల్లం, నెయ్యితో పాటు తెచ్చింది.

కొనే ముందు నేను చేసే పరీక్షలు చెబుతాను. పది మందిలో నోట్లో వేసుకోవడానికి మొహమాటపడొద్దు. బాదం, ఆక్రోటు ఒకటి కొరికి నమలండి. చివర్లో చేదు, పాత నూనె వాసన వస్తే వదిలేయండి. గోనె పైభాగంలోది కాకుండా అడుగు నుంచి ఒక పిడికెడు తీయించండి. అంజూరాన్ని విప్పి లోపల పురుగు ఉందేమో చూడండి. ఉత్తుత్తిని ఆడిస్తే గింజ గలగలమంటే బాగా ఎండినట్టు. గసాలు వేళ్ళ మధ్య నలిపితే మట్టి తగలకూడదు. ప్యాకెట్టే కొనాల్సి వస్తే ముందువైపు ధర చూడకండి, ఇప్పుడు గ్రాముకు ఎంతో యూనిట్ ధర వేరేగా ముద్రిస్తున్నారు, అది చూడండి. 200 గ్రాముల ప్యాకెట్టు చవకగా కనబడుతుంది, ఐదుతో గుణిస్తే తెలుస్తుంది.

టోకు అంగళ్ళు కొన్ని కిలోకు తక్కువ ఇవ్వవు. దానికి మందు పొత్తు. మా అపార్టుమెంటులో రెండు ఇళ్ళు కలుపుకున్నాను. బాదం రెండు కిలోలు తెచ్చి పంచుకున్నాము. ఊర్లో చింతపండు, మిరపకాయలు అట్లా పంచుకునేవాళ్ళమే కదా, నగరానికొచ్చి మరచిపోయినాము. హైదరాబాదులో ఉన్న మన వాళ్ళకు బేగం బజారు, ముంబైలో మసీదు బందరు, ఢిల్లీలో ఖారీ బావలి ఇట్లాంటివే. పద్ధతి ఒకటే.

తెచ్చినాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టాలి. వీటిలో ఉండేది నూనె. ఎండకు చెడిపోతుంది. బళ్ళారి ఎండలో జేజి వీటిని చీకటి గదిలో, తాళం వేసిన డబ్బాలో పెట్టేది. తాళం మా చేతుల నుంచి కాపాడడానికి అనుకునేవాళ్ళం, చీకటి వేడి నుంచి కాపాడడానికి.

అంతా కలిపి రెండు వేల నాలుగు వందలు కూడా కాలేదు. పన్నెండు వేల నుంచి ఇక్కడికి రావడంలో బేరం చేసింది చాలా తక్కువ. ఎక్కువ భాగం తాత పద్దును సరిగ్గా చదవడం వల్ల వచ్చింది: సేరు ఎంతో, పలుకు ఏమిటో. రెండు మాటలు తెలియక మనం ఎన్ని ఇళ్ళల్లో మూడు రెట్లు ఖర్చు పెడుతున్నామో, లేక ‘మన వల్ల కాదు’ అని ఉండలే మానేస్తున్నామో!

డిసెంబరులో చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. అమ్మ నూరు పైచిలుకు ఉండలు కట్టింది. రోజుకొకటి చెల్లెలికి, వచ్చిన వాళ్ళకు ఒక్కొక్కటి. రక్తం తక్కువని డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు కూడా వేసుకుంది. ఉండ మాత్రకు బదులు కాదని అమ్మే గట్టిగా చెప్పింది. నాకు జనవరిలో వేరే ప్రాజెక్టు వచ్చింది.

తాత పద్దును ఇక్కడ కిలోల్లో రాసి పెడుతున్నాను, రేపు ఎవరి ఇంట్లో కాన్పయినా సేరు గొడవ ఉండదు:

ఎండుకొబ్బరి 1 కిలో 400 గ్రాములు
ఉత్తుత్తి 1 కిలో 120 గ్రాములు
బాదం 560 గ్రాములు
గోడంబి పలుకులు 560 గ్రాములు
ఎండుద్రాక్ష 560 గ్రాములు
అంజూరం 280 గ్రాములు
అంటు 280 గ్రాములు
గసాలు 70 గ్రాములు

బెల్లం, నెయ్యి పద్దులో లేవు. అవి ఇంట్లోనే ఉండేవి కాబట్టి తాత రాయలేదు. అమ్మ చేతి లెక్క ప్రకారం బెల్లం కొబ్బరికి సమానం, నెయ్యి అంటు పొంగడానికి ఎంత పడితే అంత. మీ ఇళ్ళల్లో అటక మీద ఇట్లాంటి పద్దులుంటే ఫోటో తీసి పంపండి. చదవడం రాకపోతే అట్లాగే పంపండి, అమ్మ ఉంది, చదివి పెడుతుంది. ఆమె చదువుతుంటే నేను రాసుకుంటాను.